ఆగిపోయే పంపు, గడియ లేని తలుపు

మా ఇంట్లో మగ్గానికీ బాత్రూం తలుపుకూ మధ్య ఏడడుగులు. ఆ ఏడాది నేను తిరిగిన లోకమంతా ఆ ఏడడుగులే. కోడుమూరులో మాది రెండు గదుల మిద్దె. ముందు గదిలో గుంట మగ్గం, వెనక వంటిల్లు, దాని పక్కన బాత్రూం. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే ఆ తలుపు సరిగ్గా నా ఎదురుగా ఉంటుంది. దాని మీద రంగు ఎక్కడెక్కడ లేచిపోయిందో కళ్లు మూసుకుని చెప్పగలను.

లోపల మా ఆయన స్నానం చేస్తుంటాడు. నేను నేత ఆపి చెవి అటు పెట్టి కూర్చుంటాను. మిద్దె మీద పంపు ఆడుతున్న చప్పుడు వస్తుంటే నా ప్రాణం కుదుటగా ఉంటుంది. చప్పుడు ఆగిందా, వెనకే ఆయన గొంతు.

"ఏమే, ఆగిపాయ."

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోయేది. పంపు మీద మంట, దాన్ని బిగించిన మేస్త్రి మీద మంట, ఒంటి నిండా సబ్బుతో కుర్చీలో కూర్చున్న మనిషి మీద కూడా మంట. అబద్ధమెందుకు, ఆయన మీదే ఎక్కువ.

కర్నూలు నుంచి నూలు తీసుకుని బండి మీద వస్తూ, ఇంకాసేపట్లో ఊరనగా కంకర మీద జారి పడ్డాడాయన. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. రెండు నెలలకు చేతికర్రతో నాలుగడుగులు వేయగలిగాడు కానీ నడుం వంచడానికి లేదు, నేల మీద కూర్చోవడానికి లేదు. ముప్పై ఏళ్లు గుంటలో కాళ్లాడించిన మనిషి గుంట పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నూలు కండెలు చుట్టుకుంటూ ఉండే నేను గుంటలోకి దిగాను. పిల్లలిద్దరికీ పెళ్లిళ్లై వాళ్ల ఊళ్లలో వాళ్లున్నారు. ఇంట్లో ఇద్దరమే.

మా ఇళ్లలో స్నానం చేయకుండా మగ్గం ముట్టుకోరు. జ్వరమొచ్చినా రెండు చెంబులు నెత్తిన పోసుకున్నాకే అడ్డపోగు నేసే నాడె పట్టుకోవాలి. నేసే పని పోయినా ఆయన ఆ పద్ధతి వదల్లేదు. స్నానం కాగానే కుర్చీ మగ్గం పక్కకు జరుపుకుని, నిలువు పోగుల పడుగు మీద చెయ్యి ఆనించి, నా చేతిలో తెగిన పోగులన్నీ అతికేవాడు. నాకు పది సార్లు తెగితే ఆయన పది సార్లూ అతికేవాడు. ఆయనకు మిగిలిన పని అదొక్కటే. స్నానం కాకపోతే అదీ లేదు. ఏమీ తోచక ఆ రోజంతా వీధి వాకిలి కేసి చూస్తూ కూర్చునేవాడు.

ఆ స్నానం నేను చేయించేదాన్ని. బకెట్టులో చెంబు ముంచడానికి వంగలేడు కదా. నేనే పోయాలి, నేనే రుద్దాలి. మొదటి రోజు నడుముకు తుండుగుడ్డ చుట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

"నా దగ్గర ఏం సిగ్గయ్యా నీకు? కండ్లు తెరువు," అన్నాను.

"నీళ్లు పొయ్యి," అన్నాడు.

అంతకు ముందు ఆయన నోటికి మూత ఉండేది కాదు. మగ్గం ఆడించుకుంటూ వీధిలో పోయేవాళ్లనందరినీ పలకరించేవాడు, ఎగతాళి చేసేవాడు. ఆ స్నానాలు మొదలయ్యాక మాట తగ్గిపోయింది. నొప్పివల్లనుకున్నాను. ఎవరైనా అడిగితే అదే చెప్పాను.

ఒకరోజు నేను కొళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే ఆయనంతట ఆయనే లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు. కర్ర జారింది. గోడ పట్టుకుని నిలబడిపోయాడు, అటూ కదల్లేడు, ఇటూ కదల్లేడు. నేను తలుపు బాదుతూ ఏడ్చాను. ఆయన చెయ్యి గడియ దాకా రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆ సాయంత్రమే స్క్రూడ్రైవర్ తెచ్చి గడియ ఊడబీకేశాను. గడియనూ నాలుగు స్క్రూలనూ మగ్గం సామాన్లు వేసుకునే రేకు డబ్బాలో పడేశాను. ఆయన కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు. మంచి పని చేశానని నేను అన్నం తిని పడుకున్నాను.

నడక నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చేది, ఫిజియోథెరపీ చదివిన పిల్ల. ఆ పిల్లే చెప్పింది, "చేత్తో పట్టుకునే షవర్ పెట్టించండి అత్తా. కుర్చీలో కూసోని మామే చేసుకుంటాడు. నువ్వు బయటుంటే సాలు." ఆ మాటకు మా ఆయన తలెత్తి ఆ పిల్ల కేసి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. దేవుడు కనబడినా అట్లా చూడడు.

షవర్ పెట్టించాం. కానీ మా ట్యాంకు బాత్రూం నెత్తి మీదే, ఎత్తు చాలదు. పైపు నేల దగ్గర పట్టుకుంటే ఒక మాదిరిగా నీళ్లు వస్తాయి. తల దాకా ఎత్తితే చుక్కలే. అందుకని పంపు కావాలన్నారు. ఊళ్లో బోరు మోటార్లు దించే మేస్త్రిని పిలిచాను.

"బోర్లలోకే దించుతాండా మోటర్లు. ఇదెంతక్కా, ఆడుకునే బొమ్మ," అన్నాడు.

గంటలో పని ముగించాడు. ట్యాంకు నుంచి దిగే పైపు కోసి, మధ్యలో పంపు బిగించి, కింద రెండు ఇటుకలు పెట్టాడు. మిగిలిన పైపు ముక్కలు మిద్దె మీదే వదిలేసి టీ తాగి వెళ్లిపోయాడు. ట్యాంకుకూ పంపుకూ మధ్య నీళ్లు కట్టేయడానికి ఒక వాల్వు ఉండాలని, చెత్త పోకుండా చిన్న జల్లెడ ఉండాలని నాకు అప్పుడు తెలియదు. తెలిసిన మేస్త్రేమో పెట్టలేదు. పంపు పద్ధతి మాత్రం చెప్పాడు. షవర్ మీట తిప్పితే పైపులో నీళ్లు కదులుతాయి. ఆ కదలిక తగిలితే పంపు దానంతటదే ఆడుతుంది. మీట కట్టేస్తే ఆగుతుంది.

మర్నాడు మా ఆయన లోపలికి పోయాడు, నేను తలుపు దగ్గరగా వేసి గుంటలో కూర్చున్నాను. పంపు ఆడింది. కొంచెంసేపటికి లోపల్నుంచి కూనిరాగం వినబడింది. ఆ నెలల్లో అదే మొదటిసారి. బయటికి వచ్చేటప్పటికి ఆయనే తల దువ్వుకుని, పాపిడి తీసుకుని ఉన్నాడు. పాపిడి వంకరగా ఉంది. నేను సరిచేయబోతే చెయ్యి పక్కకు తోసి, "ఉండనీలే," అన్నాడు. నేను ఏడ్చాను. సంతోషానికే ఏడ్చాను. ఇక నా మెడలో ఉచ్చు ఊడిందనుకున్నాను.

వారం తిరక్కుండానే ట్యాంకుకూ పంపుకూ మధ్య అతుకు దగ్గర నీళ్లు కారడం మొదలైంది. మాకు కొళాయి మూడు రోజులకొకసారి వస్తుంది. కారిపోయే ప్రతి చుక్కా నా కళ్ల ముందు పోయినట్టే ఉండేది. మేస్త్రికి ఫోన్ చేస్తే, బోర్లు ఎండే కాలం కదా, ఏ పొలంలోనో మోటారు ఎత్తుతూ ఉండేవాడు. "రేపొస్తాలే అక్కా." ఆ రేపు నాలుగు రోజులైంది.

అయిదో రోజు కొంగు నడుముకు దోపి మిద్దె ఎక్కాను. ట్యాంకు ఖాళీ అయిన పొద్దున చూసుకుని అతుకు తిప్పి విప్పాను. మేస్త్రి చుట్టిన తెల్ల టేపు రెండే చుట్లు ఉంది, అదీ నలిగిపోయి. మా నేతగాళ్లకు ఏది ఊడినా పోగుతో చుట్టడమే తెలుసు. కళ్లజోడు కాడ విరిగినా పోగే, గొడుగు పుల్ల ఊడినా పోగే. మగ్గం మీద వంకాయ రంగు పడుగుంది. అందులో మిగిలిన పోగులు పది పన్నెండు పేనాను. గంజి పెట్టిన గట్టి పోగు. తడికి ఉబ్బి సందు మూసేస్తుందనుకున్నాను. మరల మీద పది చుట్లు చుట్టి, ముడి వేసి, బలం కొద్దీ బిగించాను.

కొళాయి వచ్చింది, ట్యాంకు నిండింది. ఒక్క చుక్క కారలేదు. నా గర్వం చెప్పతరం కాదు. వాకిట్లోకి వచ్చిన ఎదురింటామెకు చెప్పాను, పాల ఆమెకు చెప్పాను, ఆయనకైతే మూడుసార్లు చెప్పాను. "మేస్త్రికి చేతగాని పని నేను చేసినా సూడు," అని.

తర్వాత నాలుగైదు రోజులకు పంపు మొరాయించడం మొదలుపెట్టింది. ఆడుతూ ఆడుతూ ఆగిపోయేది. "ఏమే, ఆగిపాయ." నేను నాడె పక్కన పెట్టి, బకెట్టు తీసుకుని లోపలికి పోయేదాన్ని. ఆయన మళ్లీ తుండుగుడ్డ దగ్గరికి లాక్కుని కళ్లు మూసుకునేవాడు.

ఈసారి మేస్త్రి ఫోనుకు దొరికాడు. వచ్చి, "కరెంటు లోగా ఉండాదక్కా," అని పోయాడు. మర్నాడు కరెంటు బాగానే ఉంది, పంపు బాగాలేదు. మళ్లీ పిలిచాను. "పైపులో గాలి పట్టింది," అని ఒక సన్నటి పైపు నిలువుగా అతికించి పోయాడు. రెండు రోజులు ఆడి మళ్లీ ఆగింది. మూడోసారి వచ్చి ట్యాంకు కింద వరసలు వరసలుగా ఇటుకలు పేర్చి ఎత్తు పెంచాడు. నేను మిద్దె మీద నిలబడి, వీధి మొత్తం వినేటట్టు దులిపేశాను.

"ఏమప్పా, బొమ్మన్నావు కదా. బొమ్మతో ఆడుకుండేది రాదా నీకు?"

"కంపెనీ పంపే ఇట్లుంటే నేనేం సేద్దునక్కా."

"పంపును అనాకప్పా. పెట్టినోని సేతుల్ని అనాల."

మేస్త్రి పాపం తల వంచుకుని ఇటుకలు సర్దుకున్నాడు. ఆ మాటలు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అదే రోజుల్లో మా వీధి ఆడవాళ్లు బస్సు మాట్లాడుకుని అహోబిలం పోతున్నారు. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయడమే. ఎదురింటామె వచ్చి, "నువ్వూ రావే, ఒక్క రోజే కదా," అంది. నేను వాకిట్లో నిలబడి, వెనక కుర్చీలో ఆయన ఉన్నాడన్న ధ్యాస లేకుండా అనేశాను.

"యాడికొచ్చేది? ఆయప్పకు నీళ్లెవరు పోస్తారు? నా బతుకు ఈ బాత్రూం వాకిట్లోనే తెల్లారిపోతాండాది."

వెనక్కి తిరిగితే ఆయన పడుగు మీద పోగు అతుకుతున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. విననట్టే ఉన్నాడు. బస్సు వీధి మలుపు తిరిగేదాకా చూసి నేను గుంటలో కూర్చున్నాను. ఆ రోజు నేసినంత అధ్వాన్నపు నేత నేను ఎన్నడూ నేయలేదు.

మరునాటి నుంచి ఆయన పిలవడం మానేశాడు.

గుంటలోంచి నేనే కేక వేసేదాన్ని. "ఆడతాండాదా?"

"ఆడతాండాది."

మొదటి రోజు నమ్మాను. ఇటుకల మహిమ అనుకున్నాను. మేస్త్రిని అంతలేసి మాటలు అనకుండా ఉండాల్సిందని కూడా అనుకున్నాను. అయితే స్నానానికి గంట పట్టేది. ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నేత ఆపి వింటే పంపు చప్పుడు లేదు, నీళ్ల చప్పుడు లేదు. అడిగితే మాత్రం అదే మాట. ఆడతాండాది.

వారం తర్వాత ఒక పొద్దున ఆయన మగ్గం పక్కన వంగకుండా కూర్చుని పోగు అతుకుతున్నాడు. నేను గుంటలోంచి తలెత్తి చూస్తే ఆయన చెవి వెనక, మెడ మీద, సబ్బు నురగ ఎండి తెల్లగా పొలుసు కట్టి ఉంది. చేత్తో తాకాను. పొడి రాలింది. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. నేను లేచి మేస్త్రికి ఫోన్ చేశాను. ఈసారి తిట్టలేదు. "ఒక్కసారి రా అప్పా," అన్నాను. నా గొంతు విని భయపడ్డాడేమో, అరగంటలో వచ్చాడు.

మేస్త్రి పంపును పూర్తిగా విప్పాడు. వాల్వు లేదు కాబట్టి ట్యాంకు నీళ్లు బకెట్లలోకి, బిందెల్లోకి, వంట గిన్నెల్లోకి పట్టి ఖాళీ చేశాక విప్పాడు. నీటి కదలికను పసిగట్టే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, దాని మూత తీసి, లోపలికి చూసి, వేలు పెట్టి లాగాడు. లాగితే వస్తోంది. ఇంకా వస్తోంది. పిడికెడు పోగులు, పీచు పీచుగా, బురదలో నానినా రంగు పోలేదు.

"అక్కా, మీ చీర పంపులో ఉండాదే," అన్నాడు.

వంకాయ రంగు. కింద మగ్గం మీద ఉన్న పడుగు. గంజి నీళ్లలో కరిగిపోయి, నా గట్టి పోగు కుళ్లిన పీచైంది. ఊడిన కొసలన్నీ నీళ్లతో పాటు పోయి ఆ డబ్బాలో చిక్కుకున్నాయి. నీళ్లు కదిలేది తెలియకపోతే పంపు ఎలా ఆడుతుంది? మూడు వారాలు నేను తిట్టిన తిట్లన్నీ నాకు చెందాల్సినవి. ఎండలో నిలబడి, మేస్త్రి ముఖం చూడలేక, ఇటుకలు చూస్తూ చెప్పాను.

"నేనే సుట్టినా అప్పా. కారతా ఉంటే."

మేస్త్రి నవ్వాడు కానీ ఎగతాళి చేయలేదు. "నేను సరింగ బిగించి ఉంటే నువ్వెందుకు సుడతావక్కా. వాల్వు పెట్టలే, జల్లెడ పెట్టలే. నాదీ ఉండాది తప్పు," అన్నాడు. అప్పటికప్పుడు ఆ రెండూ తెచ్చి బిగించాడు. టేపు ఈసారి పదిహేను చుట్లు చుట్టాడు, నాకు చూపించి మరీ.

షవర్ బిళ్ల కూడా విప్పి కడగమన్నాడు. నేను బాత్రూంలోకి పోయాను. సబ్బు పెట్టె వెనక, కిటికీ గట్టు మీద, ఒక అగ్గిపుల్ల కనబడింది. దానికి వంకాయ రంగు పోగు చుట్టి ఉంది. చిన్న చిన్న తునకలు, ఒకదానికొకటి అతికి, సాపుగా, కండె చుట్టినట్టు చుట్టి ఉంది. ఆ అతుకులు ఎవరివో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. షవర్ రంధ్రాల్లోంచి వచ్చిన పోగులను గోటితో ఒక్కొక్కటే లాగి, పారేయడానికి చెయ్యి రాక, చుట్టి పెట్టాడు. అంటే మొదటి నుంచీ ఆయనకు తెలుసు. చెడింది ఎక్కడో, చెడగొట్టింది ఎవరో, అన్నీ తెలుసు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చిన్నబోతానని, నాకు కష్టమవుతుందని దాచాడనుకున్నాను. ఆ రోజు వాకిట్లో నేనన్న మాట విని, నాకు ఆ చాకిరీ తప్పించాడనుకున్నాను. ఇంత మంచి మనిషినా నేను అన్ని మాటలన్నది అనుకుంటూ అగ్గిపుల్ల పట్టుకుని ఆయన ముందుకు పోయాను.

"నా కోసరం దాచినావా?"

ఆయన పుల్ల కేసి చూశాడు. మిద్దె మీద మేస్త్రి సుత్తి చప్పుడు వస్తోంది.

"కాదే," అన్నాడు. "చెప్తే పంపు విప్పిస్తావు. అది బాగయ్యేదాకా మళ్ల బకెట్టు ఎత్తుకోని లోపలికి వస్తావు."

"వస్తే ఏమయ్యా?"

"సుక్కలు పడినా సరే, నా ఒళ్లు నేను కడుక్కుంటాండా కదా."

చెంప మీద కొట్టినట్టయింది. ముందు కోపమొచ్చింది. ఇన్ని నెలలు వీపు రుద్దిన చెయ్యి ఇది, ఇదా దీనికి దక్కిన మాట అనిపించింది. వంటింట్లోకి పోయి, నీళ్లు నింపిన గిన్నెల మధ్య కూర్చున్నాను. ఏ గిన్నె కేసి చూసినా కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్న ఆయన ముఖమే గుర్తొచ్చింది. ఈ ఇంట్లో ఇరుక్కుపోయింది నేనొక్కదాన్నే అనుకుని వీధంతా చాటాను. నేను ఏడడుగుల మేర తిరుగుతూనే ఉన్నాను. ఆయనకు ఒక తలుపు కూడా లేకుండా చేశాను.

మేస్త్రి దిగి వచ్చి పంపు ఆడించి చూపించి వెళ్లాడు. నేను మగ్గం దగ్గరి రేకు డబ్బా బోర్లించాను. గడియ దొరికింది. స్క్రూలు మూడే దొరికాయి. నాలుగోది ఎంత వెతికినా కనబడలేదు. మూడింటితోనే బిగించాను. పాత రంధ్రాలు వదులైతే పుల్ల ముక్కలు కూరాను. ఈసారి పోగు చుట్టలేదు. ఆయన కుర్చీలోంచి చూస్తున్నాడు, ఆ రోజు చూసినట్టే.

"పడితే పిలుస్తావా?" అన్నాను, వెనక్కి తిరక్కుండా.

"పిలుస్తా."

మర్నాడు పొద్దున ఆయన కర్ర పట్టుకుని లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది. కొంచెంసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత లోపల గడియ పడింది. నేను లేచి నిలబడబోయి మళ్లీ కూర్చున్నాను. నాడె తీసుకుని, పంపు ఆడుతోందో ఆగిందో నా చెవికి సోకకుండా, ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా నేశాను.